ట్రాక్టరు మెడ మీద బరువు

మా ఆయన పోయిన ఏడాదికి మా బావగారు ట్రాక్టరు అమ్మేద్దామన్నారు. చెడ్డ మనిషేం కాదు. ఇనుము ఊరికే నిలబడితే తుప్పు పడుతుంది, తుప్పు పట్టాక ఎవడూ కొనడు, అదీ ఆయన మాట. నిజమే. మా పాకలో ఆ చిన్న ట్రాక్టరు నిలబడీ నిలబడీ, చివరికి దాని సీటు మీద మా కోడి పొదగడానికి కూర్చుంది. నేను రోజూ పొద్దున్న వెళ్ళి కోడిని అదిలించి వచ్చేదాన్నే తప్ప తాళం తిప్పింది లేదు.

మా ఇళ్ళలో తమ్ముడి పెళ్ళాం బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఒడియా వాళ్ళలో ఈ పట్టింపు ఇంకా గట్టిగా ఉంటుంది, వాళ్ళ మధ్య బతికీ బతికీ మాకూ అంటింది. అందుకని ఆయన అరుగు మీద కూర్చుంటే నేను గుమ్మం వెనక నిలబడేదాన్ని. మధ్యలో ఆయన భార్య, మా తోటికోడలు. ఆవిడని నేను అప్ప అని పిలుస్తాను. ఆయన చెప్పేది నాకు వినబడుతుంది, నేను చెప్పేది ఆయనకి వినబడుతుంది. అయినా మాట అప్ప మీదుగానే నడవాలి.

"దానికి సెప్పు, రజ పండగ అయ్యేక భంజనగర్ నుంచి ఒకాయన వస్తాడు. ట్రాక్టరు సూసుకుంతాడు" అన్నారు బావగారు. రజ అంటే తొలకరి ముందు వచ్చే ఒడియా వాళ్ళ పండగ.

అప్ప నా వైపు తిరిగింది. "ఇన్నావా?"

"ఇన్నాను. ట్రాక్టరు మనింట్లోనే ఉంటాదని సెప్పప్పా."

"ఉంటాదంట."

"ఉండి ఏటి సేస్తాదంట? గుడ్లెడతాదా?"

నాకు ఒళ్ళు మండింది. "తోటలో సరుగుడు దుంగలు లాగుతాదని సెప్పు" అనేశాను. ఎలా లాగుతుందో ఆ క్షణాన నాకే తెలియదు.

బావగారు నవ్వారు. ఆ నవ్వు కూడా అప్ప మీదుగానే నాకు చేరింది. తరవాత కొంచెంసేపు ఆలోచించి, మాట ఇచ్చారు. "సరే. రజ లోపల తోటలో పడున్న సరుగుడంతా ఆ ట్రాక్టరుతోనే రోడ్డెక్కించమను. ఎక్కించిందా, ట్రాక్టరు దానిది. నేదా, భంజనగర్ ఎల్లిపోతాది. అప్పుడు మల్లీ ఏడవకూడదు."

ట్రాక్టరు నాకు ఎందుకంటే చెప్తాను. సొంత నాగలి లేని విధవరాలి మడి ఊళ్ళో అందరి మళ్ళూ అయ్యాక దున్నుతారు. "రేపొస్తాం పిన్నీ" అంటారు, వాన వెలిసిపోయాక వస్తారు. ముందటి ఏడు ఆ రుచి చూశాను. వాళ్ళ గుమ్మాల ముందు నిలబడి నిలబడి నా చీర అంచు అరిగింది. ఇంకోసారి నిలబడటం నా వల్ల కాదు.

నడపడం వచ్చా అంటారా, వచ్చీ రానట్టు. మా ఆయన వరి మోపులు వేసేటప్పుడు నన్ను సీటు మీద కూర్చోబెట్టి, ఒకటో గేరు వేసి, "నిటారుగా పట్టుకో, ఇంకేం ముట్టుకోకు" అని తాను వెనక మోపులు విసిరేవాడు. నాకు తెలిసిన చదువు అది. అక్షరాలైతే సంతకం దాకానే. ఇది కూడా నేను చెప్తుంటే మా మేనకోడలు రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వుతోంది కూడా.

మా తోట ఊరికి తూర్పున, గెడ్డ వాగు దాటాక ఇసక మెరక మీద ఉంది. అందులో జీడిమామిడి చెట్లు. సముద్రపు గాలి కొట్టకుండా వాటి మధ్య వరసలుగా సరుగుడు వేశాడు మా ఆయన. జీడి ఎదిగింది, సరుగుడు ఇంకా ఎదిగింది, నీడ పడి జీడి పూత ఆగిపోయింది. అందుకని సరుగుడు కొట్టించేశాం. దుంగలన్నీ చెట్ల మధ్య పడి ఉన్నాయి. తొలకరి పడితే గెడ్డ పారుతుంది. పారితే దసరా దాకా బండి అనేది ఆ ఒడ్డుకి వెళ్ళదు.

పెద్ద తొట్టి ఉన్న ట్రాక్టరు ఆ తోటలోకి దూరదు. జీడిచెట్టు పైకి పోకుండా పక్కకి పాకే జాతి. కొమ్మ విరిగితే ఆ కొమ్మ జీడిపిక్కలు పోయినట్టే. ఎడ్లబళ్ళు ఊళ్ళో ఎప్పుడో పోయాయి. తలమోతకి మనుషుల్ని అడిగితే గెడ్డ పేరు చెప్పగానే మెడలు పట్టుకున్నారు. కాబట్టి నాకు కావలసింది సన్నటి బండి, తొట్టి లేనిది, చెట్ల మధ్య పాములా తిరిగేది.

అలాంటిది నేనొకసారి బరంపురంలో చూశాను. హల్దియాపదర్‌లో ఒక వెల్డింగు షెడ్డు ముందు, పైపులు మోసే చిన్న బండి. అప్పని తోడు తీసుకుని బస్సెక్కాను. అప్ప గేట్ బజార్ చూడకుండా బరంపురం నుంచి తిరిగి రాదు, కాబట్టి ముందు అక్కడ దిగి, ఆవిడ గాజులు, నేను ఒక ఇనప గొలుసు, నాలుగు బారల తాళ్ళు కొన్నాం. ఆ గొలుసు ఆటోలో అప్ప కాళ్ళ మీద పెట్టాను. హల్దియాపదర్ దాకా నన్ను తిడుతూనే ఉంది.

వెల్డింగు చేసేవాడు ఒడియా మనిషి, మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుకున్నాడు. పాత జీపు ఇరుసు ఒకటి ఉందన్నాడు. దాని మీద ఒక పొడవాటి దూలం, అటూ ఇటూ దుంగలు దొర్లిపోకుండా నిలువు కమ్ములు, ముందు ట్రాక్టరుకి తగిలించే రింగు. అంతే బండి.

"నడిపేది ఎవరు మౌసీ?" అన్నాడు.

"నానే."

కళ్ళకి అడ్డం పెట్టుకున్న నల్లద్దం పైకెత్తి నన్ను కిందనుంచి మీదదాకా చూశాడు. "అయితే ఇంకో రెండు కమ్ములు ఎక్కువ వేస్తాను" అన్నాడు.

"నాకోసమా, బండికోసమా?"

"జీడిచెట్ల కోసం మౌసీ."

అప్ప పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, బండి వాడి చేతుల్లో ఉంది.

బండి వచ్చింది. ఇక దుంగలు ఎక్కించాలి. ఊళ్ళో ఆఖరి ఎడ్లబండి తోలిన ముసలాయన ఒకాయన ఉన్నాడు, అందరికీ తాతే. ఆయన ఎడ్లు పోయి చాలాకాలమైనా, బండెక్కించడం అంటే ఆయన్నే పిలవాలి. పిలవగానే తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు. కొత్త కాడికి రాసినట్టు ట్రాక్టరు కొక్కేనికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వేపరెమ్మ కట్టాడు. ఏటవాలుగా రెండు కర్రలు ఆనించి, వాటి మీదుగా దుంగల్ని దొర్లించమన్నాడు. కూలికొచ్చిన ఆడవాళ్ళూ నేనూ కింద నుంచి తోస్తే, తాత పైన నిలబడి సర్దాడు.

ఎంత ముచ్చటగా సర్దాడో! లావు మొదళ్ళన్నీ వెనక్కి, సన్న చివళ్ళు ముందుకి. కొక్కెం దగ్గర అరిచేతితో ఎత్తి చూసి, తేలిగ్గా లేస్తే తల ఊపేవాడు.

"బండి బరువు ఇరుసు మీదుండాలి. మెడ మీద ఆనకూడదు. పశువుకి నోరు నేదు అమ్మీ, మనకుండాల" అన్నాడు.

మేం అందరం ఔనన్నాం. మా పక్క పెద్దలు పిల్లనిచ్చేముందు ఎద్దు మెడ చూసేవారు. ఎద్దు మెడ పుండు పడితే ఆ ఇంటికి పిల్లనివ్వకూడదని మాట. అలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళం, మెడ మీద బరువు వెయ్యమంటే వేస్తామా? ట్రాక్టరైతే మాత్రం.

నేను ఎక్కి కూర్చుని ఒకటో గేరు వేశాను. బండి కదల్లేదు. ట్రాక్టరు వెనక చక్రాలు ఇసకలో గిరగిరా తిరిగాయి. ఇసక లేచి తాత తలగుడ్డ నిండా పడింది. ఇంకా తొక్కాను. చక్రాలు ఇంకా దిగాయి.

"హై! హై! హహై!" అని తాత ట్రాక్టరు పక్కన నిలబడి అదిలిస్తున్నాడు. చేతిలో కర్ర ఉంటే వేసేవాడే.

సరుగుడు మండలు చక్రాల కింద వేశాం. దుంగలు సగం దించేశాం. ఇంజనుకి వేడెక్కిందని తడి గోనె కప్పాం. తాత ఏదంటే అది, అన్నీ చేశాం. బరువు తగ్గించినకొద్దీ మళ్ళీ మొదళ్ళు వెనక్కే సర్దాడు, మెడ నొప్పెడుతుందని. ఖాళీగా వెళ్తే ట్రాక్టరు హాయిగా నడిచేది. బండి తగిలించి దుంగ వెయ్యగానే కాళ్ళు బిగబట్టేసేది. రెండో రోజు, మూడో రోజు అదే భాగోతం. రోడ్డు మీద ఒక్క దుంగా పడలేదు గానీ, తోటలో గోతులు పెరిగాయి.

బావగారు రోజూ ఒకసారి తోట గట్టు మీద నిలబడి చూసిపోయేవారు. ఒకరోజు అప్ప చద్దన్నం గిన్నె పట్టుకుని రావడం చూసి ఆయనకి నోరు దొరికింది.

"రజ వస్తే మూడ్రోజులు నేల తవ్వకూడదు కదా. అందుకని ముందే తవ్వేసుకుంతందేటి, అడుగు" అన్నారు.

"ఎందుకు తవ్వుతన్నావంట?" అంది అప్ప నాతో, నవ్వాపుకుంటూ.

"ట్రాక్టరుని పాతెయ్యడానికని సెప్పు! భంజనగరాయన వస్తే తవ్వి తీసుకుంటాడు!"

అని అరిచి సీటెక్కి కూర్చున్నాను. రజ దగ్గరకి వచ్చేసింది. పడమటి దిక్కున మబ్బులు మొహం చూపిస్తున్నాయి. ఒక్క బండి కూడా రోడ్డెక్కలేదు.

మా అప్ప దిట్టమైన మనిషి. ఆవిడ కూర్చుంటే నవారు మంచం మాట్లాడుతుంది. ఎండకి తాళలేక, ఆవిడ బండి ముందు భాగంలో జీడికొమ్మ నీడ పడిన చోట, కొక్కెం దగ్గరగా దుంగల మీదకెక్కి కూర్చుని కాళ్ళు చాపింది.

"అమ్మా, అమ్మా! మెడ మీద కూకున్నావు! దిగు, దిగు" అన్నాడు తాత.

"కూకుంటే ఏటి? అదేమన్నా మూలుగుతాదా?"

నాకు ఆ కోపంలో అదేం పట్టలేదు. ఇంజను మళ్ళీ తిప్పి, ఇంకోసారి గేరు వేశాను. ట్రాక్టరు మెత్తగా, పెళ్ళికూతురు గడప దాటినట్టు, గోతిలోంచి లేచి ముందుకి నడిచింది.

"ఓలమ్మో! ఆపు! నన్నెక్కడికి తీసుకెల్తన్నావే!" అప్ప అరుపు జీడితోటంతా వినబడింది.

ఆపాను. అందరం బండి చుట్టూ చేరాం. తాత చక్రాలు చూశాడు, నేల తడిమాడు. ఏమీ పాలుపోలేదు. అప్ప భయపడి వెనక్కి జరిగి, వెనక కమ్మి పట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు నడుపు, నెమ్మదిగా" అంది. గేరు వేశాను. చక్రాలు మళ్ళీ గిరగిరా.

నాకు ఏదో తట్టింది. "అప్పా, ముందుకొచ్చి కూకో."

వచ్చింది. కదిలింది.

"అప్పా, ఎనక్కెల్లు."

వెళ్ళింది. ఆగింది.

"అప్పా, మల్లీ ముందుకి..."

"నానేమన్నా తూకం రాయినా!" అంది అప్ప. కానీ వచ్చింది. బండీ కదిలింది.

తాత తలగుడ్డ తీసి ఇసక దులుపుకున్నాడు. "ఎద్దు కాదు అమ్మీ ఇది. దీనికి మెడ మీద బరువేస్తే గానీ కాళ్ళు నేల పట్టుకోవు" అన్నాడు చివరికి. పాపం, ఆ మాట అనడానికి ఆయన ఎంత బాధపడ్డాడో ఆ మొహం చూస్తే తెలిసింది. బతుకంతా మెడ కాపాడినవాడు.

తెలిసింది కదా అని ఉత్సాహం ఎక్కువైంది. దుంగలన్నీ మళ్ళీ దించి, ఈసారి లావు మొదళ్ళన్నీ ముందుకి, ఎంత పడితే అంత వేసేశాం. నేను గేరు వేసి వదిలాను. ట్రాక్టరు ముందు చక్రాలు నేల విడిచాయి. రంకె వేసే ఆంబోతులా మూతి పైకెత్తింది. నాకు ఎదురుగా చెట్లు పోయి ఆకాశం కనబడింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"క్లచ్చి తొక్కమ్మా! క్లచ్చి తొక్కు!"

గట్టు మీద నుంచి బావగారు. నా పెళ్ళయ్యాక ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అదే. తొక్కాను. ముందు చక్రాలు దబ్బున దిగాయి. ఆ తరవాతే గుర్తొచ్చి, పమిట తల మీదకి లాక్కున్నాను. ముందు క్లచ్చి, తరవాత ముసుగు.

ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి బండి చూశారు. మధ్యలో అప్ప ఉందో లేదో కూడా చూసుకోలేదు. "దీనికి ఇరుసు ముందర కొంచెం బరువుంటే సాలు, అంతా అక్కడే ఏస్తే ఎలాగ? మొదల్లు ఇరుసుకి ముందర ఒక మూర దాటనియ్యి. అంతకంటే దాటనియ్యకు" అన్నారు. తాత సర్దాడు. ఆ బండి గెడ్డ దాటి రోడ్డెక్కింది. మా కుప్పలో మొదటి దుంగలు అవి. ఆ పూట అప్ప ఇంటికెళ్ళి తన నడుము నొప్పికి మందు రాయించుకుంటూ ఊరంతా చెప్పుకుంది, ట్రాక్టరుని నడిపింది తనేనని.

ఇక చూడండి పని. పొద్దున్నే చల్లదనంలో మొదలుపెట్టి, ఎండెక్కితే జీడి నీడన కునుకు తీసి, మళ్ళీ పొద్దు వాలాక మొదలు. బండి కొమ్మల కిందుగా ఒదిగి, వరస చివర ఇట్టే మలుపు తిరిగేది. ఒక్క జీడికొమ్మ విరగలేదు. విరిగింది ఒకటే, అది తాత పళ్ళు తోముకోడానికి విరిచింది. బరువు మెడ మీద వేసిన ప్రతిసారీ ఆయన కొక్కెం తట్టి "ఓర్సుకో నాయినా" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. వద్దనలేదు.

రేపు రజ అనగా ఇంకా రెండు బళ్ళు మిగిలాయి. ఊళ్ళో ఆడపిల్లలు ఊయలలు కట్టేస్తున్నారు. మబ్బు నల్లగా కమ్మింది. అందులో ఒకటి తెచ్చి రోడ్డు మీద దించేసరికి, అక్కడ మోటారుసైకిలు పక్కన ఒకాయన బావగారితో నిలబడి ఉన్నాడు. భంజనగర్ ఆయనే. బరంపురంలో ఏదో పనుండి వచ్చి, ఇటే కదా అని పండగ ముందే వచ్చేశాడట.

ఆయన ట్రాక్టరు చుట్టూ తిరిగాడు. చక్రం తట్టాడు. బండి కిందకి వంగి చూశాడు. "ఇది బాగుందే! మాకు అటు నీలగిరి తోటలున్నాయి. ట్రాక్టరుతో పాటు ఈ బండి కూడా కలిపి ఇచ్చెయ్యండి, ఈ పూటే తోలుకుపోతాను" అన్నాడు.

బావగారు రోడ్డు పక్కన పేర్చిన సరుగుడు కుప్ప చూశారు. తోట వైపు చూశారు. "ఇంకో బండుంది బాబూ. అది రోడ్డెక్కితే నీకు నాకు బేరం నేదు. ఎక్కకపోతే మాటాడుకుందాం. కూకో."

"వానొచ్చేస్తంది కదా."

"వస్తాది. కూకో."

తాతా, నేనూ, కూలి ఆడవాళ్ళూ ఆ ఆఖరి బండి ఎంత తొందరగా ఎక్కించామో చెప్పలేను. సగం ఎక్కించేసరికి చినుకులు మొదలయ్యాయి. కొన్ని దుంగలు వదిలేద్దామా అంది ఒకావిడ. "ఒక్క పుల్ల వదిలినా మాట మాటే" అన్నాను. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఇసక తడిసి మెత్తబడింది, అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి. నేను గేరు మార్చలేదు, ఆపలేదు, వేగం పెంచలేదు. అవతల ఒడ్డున ఇద్దరు మగాళ్ళు తడుస్తూ చూస్తున్నారు. నాకు వాళ్ళు కనబడలేదు, ముందు చక్రాలే కనబడ్డాయి. అవి నేల మీదున్నాయా లేదా, అంతే. గెడ్డ మధ్యలో వెనక చక్రం ఒక్కసారి జారింది. తాత వెనక నుంచి "ఓర్సుకో, ఓర్సుకో" అన్నాడు. అది నాకో, ట్రాక్టరుకో. చక్రం మళ్ళీ పట్టుకుంది. ఒడ్డెక్కాను. రోడ్డెక్కాను.

ట్రాక్టరు ఆపి, దిగి, తడిసిన పమిట పిండుకున్నాను. భంజనగర్ ఆయన నవ్వుతూ, "పోనీ పిన్నీ, బేరం నీతోనే అడుగుతాను. ఇస్తావా?" అన్నాడు.

"ట్రాక్టరు ఇవ్వను బాబూ. బండి కావాలంటే హల్దియాపదర్ ఎల్లు. అక్కడొక వెల్డింగు షెడ్డుంది, అడిగితే సేసిస్తాడు. ఎవరు నడుపుతారని అడుగుతాడు, కోపం తెచ్చుకోకు."

ఆయన వెళ్ళిపోయాడు. కుప్ప మీద మేం టార్పాలిను కప్పాం, వాన దబదబా కురిసింది.

మర్నాడు రజ. పనేం లేదు, నేల ముట్టకూడదు. నేను అరుగు మీద కూర్చుని జడ వేసుకుంటుంటే బావగారు వచ్చి, కొంచెం దూరంలో నిలబడి, ఎటో చూస్తూ అడిగారు. "పక్కూరాళ్ళు కబురెట్టేరు. ఆళ్ళ తోటలో నీలగిరి కొట్టించుకున్నారంట, గెడ్డ ఇవతలే. బండితో ఎప్పుడొస్తావని అడుగుతన్నారు. నానేటి సెప్పమంటావు?"

నేను ముసుగు సర్దుకున్నాను. "ముందు నా మడి దున్నుకోవాలని సెప్పండి. అది అయ్యాక వస్తానని సెప్పండి" అన్నాను.